బరువు తగ్గించే ఆపరేషను: ఆ తరువాత ఏమిటి?

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగినవారికి అక్కడి ప్లాట్‌ఫారం సంగతి వేరే చెప్పనక్కరలేదు. పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించిపోయాయి. ఆ ఖ్యాతి పోయినా, ఒక లెక్క చెప్పడానికి ఆ ప్లాట్‌ఫారం ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

100 కిలోల బరువున్న మనిషి ఈ చివరి నుంచి ఆ చివరికి మామూలు నడకతో నడిచారనుకుందాం. ఊరికే కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే శక్తిని తీసివేస్తే, ఈ నడకకు అదనంగా ఖర్చయ్యేది 50, 60 కిలోకాలరీలు. బాగా నూనె పీల్చిన గారె ఒక్కటి తింటే అంతకు రెట్టింపు తిరిగి వచ్చేస్తుంది. ఇక ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కిలోకాలరీలు ఖర్చు కావాలి. అంటే ఆ ప్లాట్‌ఫారం మీద ఇంచుమించు 130 సార్లు నడవాలి. 40 కిలోలు తగ్గవలసిన మనిషి అయిదు వేల సార్లకు పైగా నడవాలి. ఆ రోజులన్నింటిలోనూ ఒక్క ముద్ద కూడా ఎక్కువ తినకూడదు.

నడక దండగ అని చెప్పడం లేదు. గుండెకు, కీళ్లకు, చక్కెర అదుపుకు నడకను మించినది లేదు. కాని "నోరు కట్టుకుని రోజూ నడిస్తే చాలు, తగ్గిపోతావు" అని ఊబకాయం ఉన్నవారికి బంధువులంతా ఇచ్చే సలహా ఎంత తేలిక మాటో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మీ ఇంట్లో అటువంటి బరువుతో బాధపడేవారు ఉంటే, ఆ సలహాను వారు ఇప్పటికే వెయ్యిసార్లు విని ఉంటారు, వందసార్లు పాటించి కూడా ఉంటారు.

మరి ఎందుకు తగ్గరు? తగ్గుతారు. తగ్గి, మళ్లీ పెరుగుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

శరీరం పట్టే పట్టు

కొవ్వును మూటకట్టి పెట్టిన సరుకులాగా భావిస్తాం. అది పొరపాటు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతూ, "నిల్వలు ఇంత ఉన్నాయి" అని మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతూ ఉంటాయి. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఈ సంగతి కనిపెట్టింది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా జీర్ణాశయంలో తయారయ్యే మరో హార్మోనును పట్టుకున్నారు. దాని పేరు గ్రెలిన్. భోజనం వేళ అయ్యేసరికి రక్తంలో అది పెరుగుతుంది, ఆకలి పుడుతుంది. తిన్నాక తగ్గుతుంది.

మీరు కడుపు మాడ్చుకుని పది కిలోలు తగ్గారనుకోండి. లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. కరువు వచ్చిపడిందని మెదడు అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో టెలివిజను పోటీ ఒకదానిలో పాల్గొని విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించి, ఫలితాలను 2016లో ప్రకటించారు. చాలామంది బరువు తిరిగి వచ్చింది. కాని వారి శరీరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు చేసే ఖర్చు మాత్రం, ఆ బరువుకు ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కిలోకాలరీలు తక్కువగానే ఉండిపోయింది. ఆరేళ్లయినా శరీరం ఆ కరువును మరిచిపోలేదన్నమాట. దీన్ని మనోబలం లేకపోవడం అనగలమా?

రైల్వే ఊరిలో

ఖరగ్‌పూర్ మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చి, వర్క్‌షాపు వెలిసిన నాటినుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికి వెళ్లినవారు అక్కడే స్థిరపడ్డారు. మథురాకటి, నింపుర, ఛోటా ఐమా, ఎక్కడికి వెళ్లినా తెలుగు వినబడుతుంది. మొదటి తరాలవారు ఇంటినుంచి చోడి అంబలి అలవాటుతో వచ్చారు. పట్టాలమీద, కొలిమి దగ్గర ఒళ్లు వంచి చేసిన చాకిరీ తిన్నదాన్ని కరిగించేది. ఇప్పటి వారి పిల్లల్లో అధికభాగం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాల్లో ఉన్నారు. పనిలో చెమట తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు. దానికి తోడు నైట్ డ్యూటీలు. రాత్రి మేలుకుని పగలు నిద్రపోయేవారిలో ఆకలి, చక్కెర, నిద్రల లయ తప్పుతుంది. అటువంటివారిలో బరువు పెరగడం ఎక్కువని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి.

అటు ఆంధ్రలో స్థితి కూడా ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడోవంతుకు మించి అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశం మొత్తంమీద స్త్రీలలో అది 24 శాతం.

రైల్వే ఊరిలో ఊబకాయానికి మరో ముఖం ఉంది. గొంతు చుట్టూ కొవ్వు పేరుకున్నవారికి నిద్రలో కండరాలు సడలగానే గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి కొన్ని సెకన్లు ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గురకతో మళ్లీ ఊపిరి మొదలవుతుంది. రాత్రి ఇలా వందల సార్లు జరగవచ్చు. తెల్లవారితే మనిషికి ఏమీ గుర్తుండదు, పగలంతా కునికిపాట్లు మాత్రం మిగులుతాయి. 2013 డిసెంబరు 1న న్యూయార్కు దగ్గర గంటకు 48 కిలోమీటర్ల వేగంతో తిరగవలసిన మలుపులోకి ఒక లోకల్ రైలు 132 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. నలుగురు చనిపోయారు. డ్రైవరుకు ఈ నిద్రజబ్బు ఉందని ప్రమాదం తరువాతే తేలింది. 2016 సెప్టెంబరులో హోబోకెన్ స్టేషనులో ఆగకుండా గోడకు గుద్దుకున్న రైలు విషయంలోనూ ఇదే కారణం బయటపడింది. "మా ఆయన గురక పెడితే ఇల్లు అదురుతుంది" అని నవ్వుకునే ఇళ్లలో ఆ గురక మధ్య మధ్య ఆగిపోతోందేమో ఒక రాత్రి మేలుకుని వినండి. ఆగుతుంటే డాక్టరుకు చెప్పండి. లోకో పైలట్ ఇంట్లో అయితే మరీను.

ఆపరేషను ఎవరికి?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చవేసి, ఆ సంఖ్యతో బరువును భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. అయిదడుగుల అయిదంగుళాల మనిషి ఎత్తు 1.65 మీటర్లు. హెచ్చవేస్తే 2.72. బరువు 95 కిలోలయితే బి.ఎం.ఐ. 35.

1991లో అమెరికా ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 40. మధుమేహం వంటి తీవ్ర జబ్బులు కూడా ఉంటే 35. ఈ సంఖ్యలు మనకు నేరుగా వర్తించవు. పూణే డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ డాక్టరు జాన్ యుడ్‌కిన్ కలిసి దిగిన ఒక ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కాని ఒంట్లో కొవ్వు ఇంగ్లీషు డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుకు 21.2 శాతం! మన కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. అందుచేత తక్కువ బరువులోనే చక్కెర వ్యాధి వస్తుంది. ఈ కారణంగా ఆసియావారికి హద్దును 2.5 తగ్గించి 37.5గా, జబ్బులుంటే 32.5గా వాడుతూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యుల సంఘాలు ఇంకా సడలించి, ఆసియావారిలో 27.5 దాటినవారికి కూడా ఈ మార్గం చూపవచ్చన్నాయి. అది వైద్యశాస్త్రం మాట. ఆరోగ్య బీమా కంపెనీల షరతుల్లో మాత్రం 40, తీవ్ర జబ్బులుంటే 35 అన్న పాత హద్దులే రాసి ఉంటాయి. పాలసీ కాగితం ముందే చదువుకోవాలి.

కడుపును కుదించే కత్తి

ఈ శస్త్రచికిత్స ఒక పరిశీలనలోంచి పుట్టింది. పుండ్ల కారణంగా జీర్ణాశయంలో ఎక్కువభాగం తీసేయించుకున్న రోగులు మళ్లీ లావెక్కడం లేదని అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయపు సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. అంతకుముందు 1950లలో చిన్నపేగును చాలావరకు తప్పించే ఆపరేషన్లు చేశారు గాని, విరేచనాలతో, కాలేయం చెడి రోగులు నానా యాతన పడ్డారు. వాటిని వదిలేశారు. 1990లలో పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే పద్ధతి వచ్చాక ఇది ప్రపంచమంతటా పాకింది. మన దేశంలో నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్న వార్తలు పత్రికల్లో వచ్చాక చాలామందికి దీని పేరు తెలిసింది. ఇది ధనికుల వైద్యమేనని అనుకోవద్దు. 2023లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఉచితంగా చేశారు.

ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, దాదాపు ముప్పాతిక వంతు తీసేస్తారు. అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన కోడిగుడ్డు కన్నా చిన్న సంచి ఒకటి విడదీసి, దానికి చిన్నపేగును కొంత దిగువన తెచ్చి అతుకుతారు. తిన్నది మిగిలిన జీర్ణాశయంలో, చిన్నపేగు మొదటి భాగంలో ఆగకుండా బైపాస్ లైను మీద పోయినట్టు పోతుంది. జీర్ణరసాలు పాత లైనులోనే వచ్చి, దిగువ జంక్షనులో కలుస్తాయి. కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్‌కు దీనికీ సంబంధం లేదు. అది ఆకారం దిద్దడానికి చేసేది, ఊబకాయానికి చికిత్స కాదు.

కుండ చిన్నదైతే అన్నం తక్కువ పడుతుంది, అంతే కదా అని మీకు అనిపించవచ్చు. మొదట్లో సర్జన్లూ అలాగే అనుకున్నారు. కాని బైపాస్ తరువాత చాలామంది మధుమేహ రోగులకు బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే, చక్కెర దిగిరావడం వారిని ఆశ్చర్యపరిచింది. అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో ప్రచురించిన వ్యాసానికి పెట్టిన పేరే "ఎవరనుకున్నారు?" అనే అర్థం ఇస్తుంది. కారణం హార్మోన్లు. గ్రెలిన్ ఎక్కువగా పుట్టేది జీర్ణాశయం పైభాగంలో. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. తిన్నది చిన్నపేగు చివరి భాగానికి త్వరగా చేరడంతో అక్కడి కణాలు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును మునుపటి కన్నా ఎన్నో రెట్లు వదులుతాయి. అది ఇన్సులిన్‌ను పురికొల్పుతుంది, మెదడుకు "చాలు" అని చెబుతుంది. పథ్యం చేసినప్పుడు శరీరం ఎదురు తిరిగిందని చెప్పుకున్నాం కదా, ఈ ఆపరేషను ఆ ఎదురుదాడినే మెత్తబరుస్తుంది.

ఫలితం ఎంత? స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఆపరేషను చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందిని దశాబ్దాల తరబడి వెంబడించారు. పదేళ్లకు బైపాస్ వారి బరువు మొదటి బరువు కన్నా నాలుగోవంతు తక్కువగా నిలిచింది. మరణాలు తగ్గాయి. 2020 నాటి లెక్కలో ఆయుర్దాయం మూడేళ్లు పెరిగింది. అయితే అదే లెక్కలో మామూలు జనాభాతో పోలిస్తే ఇంకా అయిదేళ్లకు పైగా తక్కువే ఉంది. మధుమేహం సంగతీ అంతే. రెండేళ్లకు 72 శాతం మందిలో మాయమైన జబ్బు, పదేళ్లకు చూస్తే 36 శాతం మందిలోనే మాయమై ఉంది. ప్రకటనల్లో మొదటి సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. రెండోదాన్ని అడిగి తెలుసుకోండి.

ఆపరేషనుకు ప్రాణాపాయం వెయ్యిలో ఒకటి నుంచి మూడు వరకు. కుట్లు కారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం, ఇవి మొదటి వారాల్లో భయపడవలసినవి. జ్వరం, గుండెదడ, కడుపునొప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

కంచం ముందు

మొదటి రెండు వారాలు ద్రవాలే. పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, పాలు. తరువాత రెండు మూడు వారాలు మెత్తగా మెదిపినవి. మొత్తం ఆరు, ఎనిమిది వారాలకు మామూలు తిండి. కాని మామూలు తిండి అన్నమాటకు ఇక అర్థం వేరు. పావుకప్పుతో కడుపు నిండిపోతుంది. ఒక్క ముద్ద ఎక్కువైతే ఛాతీలో నొక్కినట్టయి వాంతి అవుతుంది. ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తరువాత గుక్క గుక్కగా తాగాలి. చేయించుకున్నవారిలో చాలామంది కష్టంగా భావించేది ఆకలిని కాదు, ఈ నీళ్ల నియమాన్ని. ఎండాకాలంలో ఖరగ్‌పూర్ వేడిలో రోజుకు లీటరున్నర నీళ్లను గుక్కల్లో తాగడం ఒక ఉద్యోగం వంటిదే.

మన వాళ్లకు వచ్చే పెద్ద ఇబ్బంది అన్నం. మెత్తటి అన్నం ముద్దకట్టి సన్నటి దారిలో అడ్డుపడుతుంది. అది దిగినా, ఆ కాస్త చోటూ అదే ఆక్రమిస్తే మాంసకృత్తులకు చోటుండదు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందకపోతే కొవ్వుతోపాటు కండ కరిగిపోతుంది. లెక్క వేద్దాం. రెండు గుడ్లకు 12 గ్రాములు. గ్లాసు పాలకు 6. కప్పు పప్పుకు 7. కాస్త పెరుగుకు 3. వందగ్రాముల చేపకు 17 చొప్పున రెండు పూటలా తింటే 34. కలిపితే 62. బెంగాల్‌లో ఉండడం ఇక్కడ కలిసివచ్చింది, చేపకు కొదవ లేదు. శాకాహారులకు ఛానా, సోయా గింజలతో చేసిన మీల్‌మేకర్ దిక్కు. సాయంత్రం పూట మూరీలు తేలికే గాని వాటిలో ఉన్నది పిండిపదార్థమే. కంచంలో ముందు చేప, గుడ్డు, పప్పు, తరువాత కూర, చోటుంటే చివర అన్నం. మన భోజనాల వరుస తిరగబడుతుంది.

బైపాస్ చేయించుకున్నవారు రసగుల్లాను చూసి జాగ్రత్తపడాలి. ఆపే ద్వారం లేక పంచదార పాకమంతా ఒక్కసారి చిన్నపేగులోకి దిగుతుంది. పేగు దాన్ని పలుచన చేయడానికి రక్తంలోని నీటిని లాక్కుంటుంది. పావుగంటలో చెమటలు, గుండెదడ, కడుపు మెలిపెట్టడం, విరేచనం. ఇది ఒక రకం. రెండో రకం ఇంకా మోసకారి. ఒక్కసారిగా పెరిగిన చక్కెరకు ఇన్సులిన్ అతిగా ఉరికి, గంట నుంచి మూడు గంటల లోపల చక్కెర పడిపోతుంది. వణుకు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. పట్టాల మీద పనిచేసేవారికి ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. సెలవు ముగిశాక రైల్వే డాక్టరు దగ్గర ఫిట్ తీసుకునేటప్పుడు ఆపరేషను ఏ రకమో, ఇటువంటి లక్షణాలు ఉన్నాయో లేదో దాచకుండా చెప్పాలి.

ఉత్తర సర్కారుల పాత జబ్బు

ఇప్పుడు ఒక పాత కథ చెప్పాలి. బ్రిటిష్ వారి కాలంలో భారతదేశంలో బెరిబెరి జబ్బు ఎక్కడ ఎక్కువంటే, మన ఉత్తర సర్కారు జిల్లాల తీరంలో. కాళ్లు తిమ్మిరెక్కి, బలం తగ్గి, ఒళ్లు వాచి, గుండె ఆగి చనిపోయేవారు. పక్కనున్న బెంగాల్‌లో అన్నమే తింటున్నా అంతగా లేదు. తేడా బియ్యంలో ఉంది. బెంగాలీలు తినేది వడ్లను ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం, వాళ్ల భాషలో సిద్ధొ చాల్. వడ్లు ఉడికేటప్పుడు పొట్టు కింది పొరలోని థయమిన్, అంటే బి-1 విటమిన్, గింజ లోపలికి ఇంకుతుంది. మరపట్టినా కొంత మిగులుతుంది. మనవాళ్లు పచ్చి వడ్లను తెల్లగా మరపట్టించి, ఆ విటమిన్‌ను తవుడుతో పశువులకు పెట్టారు. ఈ జబ్బును పరిశోధించడానికి రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక గదిలో మొదలుపెట్టిన సంస్థే తరువాత పెరిగి, 1958లో హైదరాబాదుకు వచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది.

మర చేసిన పని ఇప్పుడు కత్తి చేయగలదు. థయమిన్ నిల్వలు ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండవు. ఆపరేషను తరువాత వాంతులు పట్టుకుని రెండు వారాలు సరిగా తినలేకపోతే ఆ నిల్వ అయిపోతుంది. అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడడం, మాట తడబడడం, తికమక. వెర్నికే అనే ఈ స్థితిలో గంటలు కూడా విలువైనవి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అన్నిటికన్నా గుర్తుంచుకోవలసింది ఒకటి. వాంతులతో నీరసించిన మనిషికి ఊళ్లో మొదట ఎక్కించేది గ్లూకోజు సీసా. గ్లూకోజును వాడుకోవడానికి థయమిన్ కావాలి. ఉన్న పిసరంతా దానికే ఖర్చయి, జబ్బు ఒక్కసారి ముదురుతుంది. థయమిన్ ఇంజెక్షను ముందు, గ్లూకోజు తరువాత.

మిగిలిన లోపాలు నెమ్మదిగా వస్తాయి. అందుకే ఎక్కువ మోసం చేస్తాయి. బి-12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. ఆపరేషనయిన రెండు మూడేళ్లకు, "అంతా బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేశాక, లోపం బయటపడుతుంది. ఇనుము ఎక్కువగా ఇంకేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తప్పించింది సరిగ్గా ఆ భాగాన్నే. నెలసరి ఉన్న స్త్రీలలో రక్తహీనత త్వరగా వస్తుంది. కాల్షియం, డి-విటమిన్ తగ్గితే ఎముకలు పలుచబడతాయి. కాల్షియం మాత్రల్లో సిట్రేట్ రకం మేలు, దానికి ఆమ్లం అక్కరలేదు. ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను టీతో మింగకూడదు. ఈ మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు.

ఇక్కడ ఖరగ్‌పూర్ వారికి ఒక ప్రశ్న. ఆపరేషను ఎక్కడ? కలకత్తా పట్టాల మీద 115 కిలోమీటర్ల చిల్లర దూరం. చుట్టాలున్నారని విశాఖకో హైదరాబాదుకో వెళ్లేవారూ ఉంటారు. ఆపరేషనుకు ఒక్కసారి వెళితే చాలు గాని, పరీక్షలకు ఇరవై ఏళ్లు వెళ్లాలి. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే చూసేది దగ్గరి ఆసుపత్రి. కాబట్టి ఏటేటా వెళ్లగల చోటునే ఎంచుకోండి. రైల్వే ఉద్యోగులు, రిటైరయినవారు తమ ఆసుపత్రిలో రిఫరల్ సంగతి ముందే లిఖితంగా తేల్చుకోవాలి. బయట చేయించుకుని బిల్లు పెడదామనుకోకూడదు.

ఇరుగు పొరుగు, ఇంట్లో

మూడు నాలుగు నెలలకు జుట్టు రాలుతుంది. భయపడనక్కరలేదు, మాంసకృత్తులు సరిగా తింటే చాలామందికి తిరిగి వస్తుంది. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, నివారణకు మందులున్నాయి. చర్మం వేలాడుతుంది. అది వ్యాయామంతో పోదు. పెళ్లయిన ఆడపిల్లలు పన్నెండు నుంచి పద్ధెనిమిది నెలల వరకు గర్భం వాయిదా వేసుకోవాలి. బరువు తగ్గాక గర్భం నిలవడం తేలికవుతుంది, కాబట్టి జాగ్రత్త లేకపోతే అనుకోకుండానే వస్తుంది. చక్కెర, బి.పి. మాత్రల మోతాదు మొదటి వారాలనుంచే తగ్గించవలసి రావచ్చు. పాత చీటీ ప్రకారం మింగితే కళ్లు తిరిగి పడతారు. సారా, విస్కీ ఏదైనా సరే, బైపాస్ తరువాత త్వరగా, గట్టిగా ఎక్కుతుంది. తిండిలో దొరికే ఊరట పోయినవారు కొందరు దానివైపు మళ్లడం రెండో ఏడు నుంచి కనిపిస్తుందని అమెరికా పరిశీలనలు తెలిపాయి. నైట్ డ్యూటీ దిగి ఒక పెగ్గు వేసే అలవాటున్న ఇళ్లలో ఈ మాట ఆపరేషనుకు ముందే మాట్లాడుకోవాలి.

మరొక బాధ డాక్టర్ల పుస్తకాల్లో ఉండదు. మన సమాజంలో లావుగా ఉన్నప్పుడు వెక్కిరిస్తారు, తగ్గితే "ఏమైంది, ఇలా చిక్కిపోయావు, ఏదైనా జబ్బా?" అని ఆరా తీస్తారు. పెళ్లి భోజనంలో విస్తరి నిండుగా వదిలేస్తే వండినవారికి కోపం. పండక్కి పిలిచి, "ఒక్క బూరె తింటే ఏమవుతుంది" అని బలవంతం. ఆపరేషను చేయించుకున్న కోడలు ఎంత తిన్నదో అత్తగారు లెక్కపెట్టకుండా ఉంటే అదే పెద్ద ఉపకారం. కొందరు సంగతి దాచిపెడతారు, "సులువు దారి వెతుక్కున్నాడు" అంటారేమోనని. పైన రాసిన నియమాలన్నీ చదివాక ఇది సులువు దారో కాదో మీరే చెప్పండి.

మూడో ఏడు నుంచి కొంత బరువు తిరిగి రావడం సాధారణం. పదో వంతు పెరిగిందని సిగ్గుపడి పరీక్షలకు వెళ్లడం మానేసేవారే అసలు నష్టపోతారు. ఇప్పుడు వారికి, ఆపరేషను వద్దనుకునేవారికి కూడా, జి.ఎల్.పి.-1ను అనుకరించే సూదిమందులు ఉన్నాయి. పెద్ద పరీక్షల్లో సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సుమారు 15 శాతం, టిర్జెపటైడ్‌తో 72 వారాల్లో ఎక్కువ మోతాదు మీద 20 శాతం దాకా బరువు తగ్గింది. ఈ రెండూ 2025లో బరువు తగ్గించే మందులుగా మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. సెమాగ్లూటైడ్ ఆపేసినవారిలో ఏడాది తిరిగేసరికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. శరీరం పట్టు గురించి మొదట చెప్పుకున్నదే ఇక్కడా పనిచేస్తోంది.

ఆపరేషను చేయించుకున్నవారు ఒక చిన్న చీటీ రాసి ఉద్యోగపు గుర్తింపు కార్డు వెనుక పెట్టుకోవాలి. ఆపరేషను పేరు, తేదీ, సర్జన్ ఫోను నంబరు. కింద మూడు వాక్యాలు: డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వవద్దు, అతుకు దగ్గర పుండ్లు పడతాయి. ముక్కులోంచి గొట్టం గుడ్డిగా దించవద్దు. వాంతులతో వస్తే గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వండి. అక్కడి డ్యూటీ డాక్టరు ఏ భాషవారైనా చదవగలిగేలా బెంగాలీ, ఇంగ్లీషు రెండింటిలోనూ రాయించుకుంటే మంచిది.